విశాఖలో ఇరుకు, విశాలం

ఆర్.కె. బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్‌ని బయటి నుంచి చూస్తే, 91 మీటర్ల పొడవు మరి, చాలా పెద్దదే అనిపిస్తుంది. లోపలికి దిగాక తెలుస్తుంది అసలు సంగతి. ఉన్న చోటంతా బ్యాటరీలు, ఇంజన్లు, పైపులు, వాల్వులకే సరిపోయింది. మిగిలిన సందుల్లో డెబ్బై మందికి పైగా సర్దుకునేవారు. టార్పెడోల పక్కనే బెర్తులు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారంలోంచి దూరాలి. మా ముందున్న పెద్దాయన తడబడుతుంటే గైడు, "ముందు కాలు పెట్టండి బాబుగారూ, తర్వాత తల" అన్నారు. నేవీలో చేసి రిటైరైనవారట, ఆ చెప్పే తీరే వేరు. టికెట్ డబ్బులకు పూర్తి న్యాయం జరిగింది. సోమవారం సెలవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

మర్నాడు పొద్దున్నే తొట్లకొండ ఎక్కాం. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం ఇది. నేవీ విమాన సర్వేలో బయటపడితే 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. వరసగా భిక్షువుల గదులు, పునాదుల మేరకు మిగిలాయి. ఒక మనిషి చాప పరుచుకుంటే సరి. బెర్తు కంటే మరీ పెద్దవేం కాదు. అయితే గడప దాటితే అందరిదీ అయిన వాకిలి, దాని అవతల స్తూపం, కొండ కింద సముద్రం. గది ఎంతన్నది కాదు, తలుపు ఎటు తెరుచుకుంటుందన్నదే లెక్క అని నాకు అక్కడే అనిపించింది. ఈ ట్రిప్పులో నా ఓటు దీనికే.

సింహాచలంలో దారి తిరగబడుతుంది. మండపాలు దాటేకొద్దీ చోటు తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. స్వామి కనిపించకముందే గంట వినిపిస్తుంది. శబ్దం ఆకాశానికి గుణమన్నారు వైశేషికులు, అంటే లోకాన్ని పదార్థాలుగా విడదీసి చూసిన ప్రాచీన తత్వవేత్తలు. దిక్కును వేరే ద్రవ్యంగా, అంటే విడి మూలపదార్థంగా లెక్కపెట్టారు. క్యూలో నిలబడితే రెండూ అర్థమవుతాయి, పైగా ఈ గుడి పడమటి ముఖం. చిదంబరంలో తెర తీస్తే కనిపించేది ఖాళీ, బంగారు బిల్వపత్రాలు. ఇక్కడ అక్షయ తృతీయ నాడు తప్ప స్వామి నిజరూపం చందనం చాటునే. శని, ఆదివారాల్లో వెళ్తే తోపులాట తప్పదు.

కైలాసగిరి ఫొటోలకు బాగుంది, అంతే.

డాబాగార్డెన్స్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గోడే వెంకట జగ్గారావు గుర్తొచ్చారు. 1840లో ఆ ప్రాంతంలోనే గ్రహాలనూ నక్షత్రాలనూ గమనించేందుకు సొంతంగా వేధశాల పెట్టుకున్నారాయన. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని గమనించారు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం తేల్చడానికి అప్పట్లో ప్రపంచమంతా ఆ లెక్కల కోసమే ఎదురుచూసింది. ఇప్పుడక్కడ ఎదుటి బస్సు నంబరు కనిపిస్తే గొప్ప.

బస విషయానికొస్తే, బీచ్ రోడ్డు హోటల్లో 'సీ వ్యూ' గదికి ఎక్కువే కట్టాం. రెండు బిల్డింగుల సందులోంచి నీలం గీత కనిపించింది. అడిగితే "పార్షియల్ సర్" అన్నాడు. లాసన్స్ బే కాలనీ వైపు చిన్న హోమ్‌స్టేకి మారాం. గది ఇరుకే, కానీ మేడ తాళం మన చేతికే ఇచ్చారు, సాయంత్రాలన్నీ అక్కడే గడిచాయి.

తొట్లకొండకు భీమిలి బస్సెక్కి దిగి నడవచ్చు. ఆటో అయితే రానూపోనూ మాట్లాడుకోండి, పైన తిరుగు ఆటో దొరకదు. నీళ్ల బాటిల్ కిందే కొనుక్కోండి.