రెండు పొరల ప్రవాహానికి వాలు పలక: ఒక ల్యాబ్ పరికరంపై సమీక్ష

వాలు మీద జారే ద్రవపు పొరల్లో అలలు ఎప్పుడు పుడతాయో చూడడానికి మా కళాశాల ల్యాబ్ కోసం తెప్పించిన వాలు పలక పరికరాన్ని అనంతపురంలో ఒక సెమిస్టరు పాటు వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. మీటరు పొడవున్న గాజు పలక, దాని పైభాగాన ఒకదాని వెనుక ఒకటిగా రెండు తొట్లు, వాలు మార్చే మర, కింద నూనె పట్టే డబ్బా, ఉన్నది ఇంతే. తొట్ల చీలికల నుంచి ద్రవం తెగకుండా, పలక వెడల్పంతా సమంగా దిగుతుంది కనుక పనితనానికి వంక పెట్టలేను.

అసలు పరీక్ష రెండు పొరలతోనే. వాలును 15 డిగ్రీలకు పెట్టి, మొదట అడుగున చిక్కని గ్లిజరిన్, దాని మీద అంతకంటే పలుచనైన వేరుశనగ నూనె వదిలితే, ఉపరితలం చివరిదాకా అద్దంలా నిలిచింది. తర్వాత అడుగున నీళ్లు కలిపి పలుచన చేసిన గ్లిజరిన్, మీద అంతకంటే చిక్కని ఆముదం వదిలాం. ఈసారి పలక సగం దాటకముందే రెండు పొరల సరిహద్దు ఉబ్బుతూ తగ్గుతూ కదిలి, ఆముదం మీద అడ్డంగా అలలు లేచాయి.

పరికరంతో వచ్చిన పుస్తకం ఇక్కడే దారి తప్పిస్తుంది. రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వం, అంటే ద్రవం తన వేగాన్ని నిలుపుకునే గుణం, స్నిగ్ధతకు, అంటే చిక్కదనానికి, ఎన్ని రెట్లో చెప్పే అంకె) వాలు కోణపు కొటాంజెంటులో 5/6 వంతు దాటితేనే అలలు పుడతాయని అందులో రాశారు. 1957లో బెంజమిన్, 1963లో యీ (Yih) అనే పరిశోధకులు తేల్చిన ఆ హద్దు ఒంటి పొరకు, అదీ సగటు వేగంతో లెక్కించినప్పుడు వర్తిస్తుంది. 15 డిగ్రీలకు అది సుమారు 3.1 కాగా, మా 3 మిల్లీమీటర్ల ఆముదపు పొరకు రెనాల్డ్స్ సంఖ్య 0.1 కూడా రాలేదు, అయినా అలలు లేచాయి. పొరల స్నిగ్ధతలో తేడా ఉంటే రెనాల్డ్స్ సంఖ్య ఎంత చిన్నదైనా అస్థిరత, అంటే చిన్న కదలిక అలగా పెరగడం, రావచ్చని అదే యీ (Yih) 1967లోనే చూపగా, తక్కువ స్నిగ్ధత ఉన్న పొర పలకవైపు ఉన్న వాలు ప్రవాహం జడత్వంతో పని లేకుండానే అదుపు తప్పుతుందని లోవెన్‌హెర్జ్, లారెన్స్ 1989లో నిరూపించారు. ఈ పలక కొనేదే దాన్ని చూడడానికి, పుస్తకంలో మాత్రం ఆ ఊసే లేదు.

ఉష్ణమాపకం పెట్టే చోటు లేకపోవడం మరో లోపం. 20 డిగ్రీల దగ్గర నీటికి సుమారు వెయ్యి రెట్లుండే ఆముదం స్నిగ్ధత 40 డిగ్రీలకు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, మా ఊరి ఏప్రిల్ మధ్యాహ్నపు కొలతలు ఉదయపు కొలతలతో పొంతన కుదరలేదు. చివరికి తొట్టి అంచుకు మేమే ఒక ఉష్ణమాపకాన్ని కట్టుకుని, ఈ ప్రయోగాన్ని ఉదయపు బ్యాచికే పరిమితం చేశాం.