పొలాల మధ్య రేవు, నీళ్ల కింద మా ఊరు

శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ జంక్షన్ దగ్గర ఒక స్టూడియోలో ఫొటో బుక్ చేయించాను. 40 పేజీలు, గట్టి అట్ట, మెరుపు లేని కాగితం. 2,200 రూపాయలయింది. పెళ్లి ఆల్బమ్‌లు చేసే చోట ఊరి చరిత్ర కూడా చేయించుకోవచ్చని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరు హిరమండలం రిజర్వాయర్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తే, అల్లుడుగారు నన్ను స్కోక్లాండ్ తీసుకెళ్లారు. సోషల్ టీచర్‌గా రిటైరయ్యాను, అయినా ఆ పేరు అంతకుముందు వినలేదు. ఒకప్పుడు అది సముద్రంలో సన్నటి దీవి. చేపల వేట మీద బతికే జనం ఎత్తుగా మట్టి పోసుకుని దాని మీద ఇళ్లు కట్టుకున్నారు. 1825 ఫిబ్రవరి ఉప్పెనలో 13 మంది పోయారు. 1834లో మళ్లీ కట్టుకున్న చర్చి ఇంకా ఉంది, లోపల కూర్చున్నాను. కట్టలు నిలబెట్టడానికి ఖర్చు ఎక్కువ, జనం చూస్తే నిరుపేదలు. 1859లో రాజు మూడో విల్లెం దీవిని ఖాళీ చేయించాడు. సుమారు 650 మంది ఇళ్లు విప్పుకుని కాంపెన్, ఫోలెన్‌డామ్ లాంటి ఊళ్లకి చెదిరిపోయారు.

తర్వాత 1932లో సముద్రానికి అడ్డంగా పెద్ద కట్ట వేశారు. 1942కల్లా దీవి చుట్టూ నీళ్లు తోడేశారు. ఇప్పుడు అది పొలాల మధ్య చిన్న మిట్ట. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది, ఆ దేశంలో మొదటిది అదే. ఆ ఇళ్ల మనవలూ మునిమనవలూ సంఘం పెట్టుకుని ఇప్పటికీ కలుస్తుంటారని తెలిసి నాకు కళ్లు నిండిపోయాయి. మా ఊరి వాళ్లు నాలుగు పునరావాస కాలనీల్లో ఉన్నారు, పెళ్లికో చావుకో తప్ప కలవడం లేదు.

అందుకే ఎడమ పేజీలో స్కోక్లాండ్, కుడి పేజీలో మా ఊరు పెట్టించాను. స్కానింగ్ చాలా బాగా చేశారు. తడిసి అంటుకుపోయిన పాత పెళ్లి ఫొటోలో వెనకాల రామాలయం గోపురం మళ్లీ కనబడేలా తెచ్చారు. మొదటి ప్రూఫ్‌లో మాత్రం తెలుగు వత్తులన్నీ విడిపోయాయి, ఆకాశం బూడిద రంగులో వచ్చింది. ఇచ్చిన తేదీకి పన్నెండు రోజులు ఆలస్యం. డబ్బులు అడక్కుండా మొత్తం మళ్లీ వేశారు. మీరు ఇచ్చేటప్పుడు తెలుగు అక్షరాలు ప్రింట్ తీసి చూపించమని ముందే అడగండి.

పేజీలు కూర్చే కుర్రాడు స్కోక్లాండ్ పాత పడవల రేవు ఫొటో దగ్గర ఆగిపోయి, "ఇదేటి టీచరమ్మా, పొలంలో రేవేటి?" అన్నాడు. అరగంట కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆ పేజీని అడక్కుండానే రెండు పేజీల వెడల్పు చేశాడు.

బుక్ కాలనీకి పట్టుకెళ్లాను. నేను చేత్తో గీసిన ఊరి పటం మీద మా పెదనాన్న వేలు పెట్టి, నుయ్యి తప్పు చోట గీశానని, చింతచెట్టుకి ఇవతలే ఉండేదని చెప్పాడు. అది సరిచేసి ఇంకో ఆరు కాపీలకి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.