తుమ్మ పలక, ఇనుప ఫ్రేమ్ టేబుల్: నాలుగేళ్ల తర్వాత నా గొడవంతా ఆ ఎనిమిది స్క్రూలతోనే

పైన తుమ్మ పలక, కింద 40 మి.మీ. స్క్వేర్ పైపు ఫ్రేమ్, నేనే చేసుకున్న టేబుల్. రోజూ పనంతా దీని మీదే. ఎలా కోశా, ఎలా వెల్డింగ్ చేశా అనే సోదంతా వదిలేస్తున్నా, అది ఎక్కడైనా దొరుకుతుంది. నా మంటంతా పలకని ఫ్రేముకి పట్టి ఉంచిన ఆ ఎనిమిది స్క్రూల మీదే.

చేసింది వానాకాలంలో. మూలమట్టం పెట్టి మరీ చూసుకుని, స్క్రూలు ఇక తిరగవు అనేదాకా బిగించా, గట్టిగా ఉండాలి కదా అని. ఎండలు ముదిరాక ఒక రాత్రి టప్‌మని చప్పుడు. ఏదో పడిందనుకుని ఇల్లంతా వెతికా, ఏం లేదు. పొద్దున్నే పలక తుడుస్తుంటే గుడ్డ పోగు దేనికో పట్టుకుంది, చూస్తే చివర నుంచి జానెడు పొడవు బీట. అతుకు దగ్గర కూడా కాదు, శుభ్రమైన చెక్క మధ్యలో!

ముందు చెక్కని తిట్టుకున్నా, సరిగ్గా ఆరలేదేమో అని. తీరా చూస్తే తప్పు నాదే. చెక్క పొడవునా, అంటే నార వెంబడి, దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. నా పలక వెడల్పు 900 మి.మీ., తర్వాత కింద పెన్సిల్‌తో గీత పెట్టి చూస్తే వానలకీ ఎండలకీ 6 మి.మీ. తేడా వచ్చింది. ఇనుమేమో 20 డిగ్రీలు వేడెక్కినా అంత వెడల్పుకి 0.2 మి.మీ. సాగితే గొప్ప. రెండు అంచుల్నీ స్క్రూలు పట్టుకుని వదలకపోతే పలక చీలక ఏం చేస్తుంది?

రిపేరు పెద్దదేం కాదు గానీ ఒళ్లు హూనమైంది. ఫ్రేములో మధ్య వరస రంధ్రాలు అలాగే ఉంచి, అంచుల్లో ఉన్నవాటిని డ్రిల్లుతో పక్కపక్కనే పొడిచి, ఆకురాయితో రాసి 20 మి.మీ. పొడవు గాడులు చేశా, పలక ఎటు కదులుతుందో అటువైపే. చెక్కలో ఇత్తడి ఇన్సర్టులు (బోల్టు పట్టుకునే, లోపల మరలున్న చిన్న గొట్టాలు) దించి, వెడల్పు వాషర్లు వేసి, బోల్టులు పట్టీ పట్టనట్టు బిగించా. ఇక్కడే ఇంకో తెలివితక్కువ పని, ఇనుప రజను పలక మీద పడితే తడిగుడ్డతో తుడిచేశా. తెల్లారేసరికి నువ్వులు చల్లినట్టు నల్ల చుక్కలు. తుమ్మలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, తడిలో ఇనుము తగిలితే నల్లబడిపోతుంది, పాతకాలం నల్ల సిరా చేసిందీ ఈ లెక్కనే. ఆక్సాలిక్ యాసిడ్ రాస్తే చాలావరకు పోయాయి, రెండు మూడు మిగిలాయి.

ఆ తర్వాత మూడు ఎండాకాలాలు, మళ్లీ చప్పుడు లేదు.

మొదట్లో ఈ ఫ్రేము ఆవగింజంత కూడా ఊగదని కనబడ్డవాళ్లకల్లా చెప్పుకున్నా. ఊగదు, నిజమే. కానీ నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉందా, ఒక కాలు గాల్లోనే, ఎందుకంటే చెక్క కాళ్లలా ఇది సర్దుకోదు. చివరికి తిప్పి ఎత్తు మార్చుకునే బుష్‌లు పెట్టాల్సి వచ్చింది. బరువు సంగతి ఇక అడక్కండి.

మళ్లీ చేస్తావా అంటే, చేస్తా, నాకు డ్రిల్లూ ఆకురాయీ ఉన్నాయి, ఆదివారాలు ఖాళీ. ఏడాదంతా ఏసీ నడిచే గదైతే ఇంత కదలిక ఉండకపోవచ్చు, నా గది అలాంటిది కాదు. బీట మాత్రం నింపలేదు. ఎండాకాలంలో అందులో విజిటింగ్ కార్డు దూరుతుంది, వానలు పట్టాక గోరు కూడా దిగదు.