పట్టాలు తీసేసిన దారిలో నాలుగు రోజులు: కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్

"ఏమండీ, నా బ్రేకు పట్టేసినట్టుంది, ఒకసారి చూడండి" అంటూ మా ఆవిడ మూడో మైలులోనే సైకిల్ ఆపేసింది. దిగి వెనక చక్రం పైకెత్తి తిప్పాను. బొంగరంలా తిరిగింది. గాలి నొక్కి చూశాను, సరిగ్గానే ఉంది. మరి ఎందుకింత బరువుగా ఉందని ఇద్దరం దారి వైపు చూశాం. బల్లపరుపుగా కనిపిస్తోంది. కాసేపటికి వెలిగింది, దారి ఎక్కుతోంది! కళ్ళకు తెలియడం లేదు, తొడలకు తెలుస్తోంది.

గ్రేట్ అలెఘనీ పాసేజ్ అంటే ఇదే. పొడుగు పేరు ఎందుకని అందరూ గ్యాప్ అంటారు. అమెరికాలో మేరీలాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దాకా 150 మైళ్ళ సైకిల్ దారి. చాలా భాగం వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే 1975లో వదిలేసిన లైను మీద వేశారు. ఒహాయోపైల్ దగ్గర మొదటి ముక్క 1986లో తెరిస్తే, పిట్స్‌బర్గ్ దాకా పూర్తయ్యేసరికి 2013 వచ్చింది. రైలింజను నిటారుగా ఎక్కలేదు కాబట్టి వాలు ఎక్కడా రెండు శాతం దాటదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. కంబర్లాండ్ నుంచి మొదటి 24 మైళ్ళూ ఎక్కుడే, సుమారు 1,750 అడుగులు. మధ్యలో కాళ్ళు ఆపి దొర్లే చోటు ఒక్కటీ లేదు. ఆ తర్వాత పిట్స్‌బర్గ్ దాకా మెల్లగా దిగుడు.

చాలామంది పిట్స్‌బర్గ్ నుంచి బయల్దేరి చివర్లో ఆ 24 మైళ్ళూ రివ్వున జారిపోతారు. మేము కష్టమేదో ముందే అయిపోనిద్దామని ఇటు నుంచి మొదలుపెట్టాం. మళ్ళీ వెళ్ళినా ఇటు నుంచే వెళ్తాను. మారుస్తే మొదటి రాత్రి బస మారుస్తాను.

దారి మీద పరిచింది సన్నగా పొడి చేసిన సున్నపురాయి. బాగా అణిగి ఉంది. నాది కంకర దారుల కోసం చేసిన, 38 మిల్లీమీటర్ల టైర్ల గ్రావెల్ బైకు, మా ఆవిడది కంబర్లాండ్‌లో అద్దెకు తీసుకున్న మామూలు హైబ్రిడ్ సైకిల్. నాలుగు రోజుల్లో ఆవిడ కంటే నేను సుఖపడింది ఏమీ లేదు. ఈ దారి కోసమని కొత్త సైకిల్ కొనే ఆలోచన ఉంటే మానుకోండి. వాన పడినా నీళ్ళు నిలవవు, కాకపోతే ఆ పొడి బూడిద రంగు పేస్టులా చెయిన్‌కు పట్టేస్తుంది. చిన్న నూనె సీసా, పాత గుడ్డ ఒకటి దగ్గరుంచుకోండి.

ఈ మాట ఎందుకంటున్నానంటే, కంబర్లాండ్‌లోనే సీ అండ్ ఓ (చెసాపీక్ అండ్ ఒహాయో) అనే పాత కాలువ గట్టు దారి కూడా కలుస్తుంది. అది వాషింగ్టన్ దాకా 184.5 మైళ్ళు. ముందు రోజు సాయంత్రం సరదాగా అటు ఐదారు మైళ్ళు వెళ్ళాం. వాన వెలిసి రెండు రోజులైనా గుంటల్లో బురద, మధ్యమధ్య చెట్ల వేళ్ళు. చెట్ల నీడ, నది పక్కనే నడక, అదో అందం, కాదనను. రెండూ కలిపి సుమారు 335 మైళ్ళు ఒకే ఊపులో తొక్కాలనుకునేవాళ్ళు మాత్రం సగం దారిలో వేగం పడిపోతుందని లెక్క వేసుకోవాలి.

మొదటి రోజు మధ్యాహ్నం బయల్దేరాం కాబట్టి పదిహేను మైళ్ళ దూరంలో ఉన్న ఫ్రాస్ట్‌బర్గ్‌లో గది తీసుకున్నాం. అక్కడిదాకా పట్టాలు ఇంకా ఉన్నాయి, టూరిస్టు రైలు నడుస్తుంది, మన దారి దాని పక్కనే. మ్యాపులో ఊరు దారిని ఆనుకుని ఉన్నట్టే కనబడింది. తీరా వెళ్తే ఊరు నెత్తిమీద ఉంది! దారి దగ్గర నుంచి మెలికలు తిరుగుతూ పైకి పోయే బాట చూసి మా ఆవిడ నా మొహం చూసింది. నేను మ్యాపు చూస్తున్నట్టు నటించాను. ఆఖరికి ఇద్దరం సైకిళ్ళు నెట్టుకుంటూ ఎక్కాం. రోజంతా తొక్కిన అలుపు కంటే ఆ కాస్త దూరం నెట్టిన అలుపే ఎక్కువ.

గది విషయంలో వంక పెట్టడానికి లేదు. ఇద్దరికీ కలిపి 140 డాలర్లు, సైకిళ్ళకు తాళం వేసిన గ్యారేజీ, పొద్దున ఆరున్నరకే టిఫిన్. చికాకు పెట్టింది సామాను వ్యాను. డబ్బు కడితే మన బ్యాగులు ఒక బస నుంచి ఇంకో బసకు చేరుస్తారు. నాలుగింటికల్లా వస్తుందన్న బ్యాగు ఎనిమిది దాటాక వచ్చింది. అప్పటిదాకా చెమట బట్టలతోనే కూర్చున్నాం. ఫోన్ చేస్తే ప్రతిసారీ "ఇంకో అరగంట". రాత్రి బట్టలు, ఒక జత లోదుస్తులు సైకిల్ మీదే పెట్టుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాం.

అసలు ప్రయాణం రెండో రోజే. మేరీలాండ్, పెన్సిల్వేనియాల మధ్య మేసన్-డిక్సన్ సరిహద్దు రాయి దాటాక బిగ్ సావేజ్ సొరంగం, 3,294 అడుగులు. లోపల దీపాలున్నాయి కానీ మన లైటు లేకపోతే భయమే. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల చలి, పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు. మాటలు గోడలకు తగిలి మనకే తిరిగి వస్తుంటాయి. లోపలికి పోయేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి, ఎక్కివచ్చిన మేరీలాండ్ కొండలన్నీ కింద పరుచుకుని ఉంటాయి. గడ్డకట్టే చలికి సొరంగం దెబ్బతినకుండా శీతాకాలంలో తలుపులు మూసేస్తారు. పక్కదారి అంటూ తీరైనది లేదు కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా ఈ ప్రయాణం పెట్టుకోవద్దు.

సొరంగం దాటిన కొద్దిసేపటికే 2,392 అడుగుల ఎత్తున నీళ్ళు రెండుగా చీలే గీత. ఇటు పడిన చినుకు అట్లాంటిక్‌కు, అటు పడింది మెక్సికో సింధుశాఖకు. అక్కడ కల్వర్టు గోడ మీద దారి మొత్తం ఎత్తుపల్లాలు బొమ్మగా గీసి ఉన్నాయి. మొదటి రోజు ఎందుకు చచ్చామో బొమ్మ చూస్తే అర్థమైంది. అక్కడి నుంచి మాయర్స్‌డేల్ దాకా పెడల్ మీద కాళ్ళు ఉత్తినే పెట్టుకుని వెళ్ళాం. ఊరు దాటాక సాలిస్‌బరీ వంతెన, 1,908 అడుగుల పొడుగు, 101 అడుగుల ఎత్తు. కింద హైవే మీద లారీలు అగ్గిపెట్టెల్లా పోతుంటే పైన మన చెవిలో గాలి తప్ప చప్పుడు లేదు. అక్కడ అరగంట కూర్చున్నాం. లెక్కలో లేని అరగంట, అయినా పోనీ అనుకున్నాం.

ఆ రాత్రి కాన్‌ఫ్లుయెన్స్‌లో. మూడు ఏర్లు కలిసే చిన్న ఊరు, దారికి రెండు నిమిషాలు, ఎక్కుడు లేదు దిగుడు లేదు. గది అంతంతమాత్రం, పక్కగదిలో గురక కూడా వినిపించింది. అయినా నన్ను మార్కులు వేయమంటే ఫ్రాస్ట్‌బర్గ్ కంటే దీనికే ఎక్కువ వేస్తాను. వాకిట్లో ఒక బకెట్, ఒక బ్రష్, పక్కన పాత గుడ్డల కుప్ప పెట్టి "తెల్ల తువ్వాళ్ళతో సైకిళ్ళు తుడవకండి, ఇవి మీకోసమే" అని అట్టముక్క మీద రాసి ఉంచారు. సైకిలిస్టులతో విసిగి విసిగి తెలివి తెచ్చుకున్న ఇల్లు అది! ఈ దారిలో బస ఎంచుకునేటప్పుడు గది ఫోటోల కంటే ముందు మ్యాపులో దారి నుంచి ఇల్లెంత దూరం, ఎంత ఎత్తు అన్నది చూసుకోండి. రైలు లైను నది పక్కన లోయలో పోతుంది, ఊళ్ళన్నీ దాని పక్కనే దిగి కూర్చోవు.

మూడో రోజు ఉద్దేశపూర్వకంగా తక్కువ పెట్టుకున్నాం, 27 మైళ్ళే. ఒహాయోపైల్ జలపాతం దగ్గరే సగం రోజు గడిచింది. నది పేరు యాకగేనీ, స్థానికులు యాక్ అని తేల్చేస్తారు. శనివారం కావడంతో జనం కిటకిట, తాగునీళ్ళ దగ్గరా క్యూ.

రాత్రికి కానెల్స్‌విల్‌లో దారి పక్కన చెక్క షెల్టర్లు. మూడు వైపులా గోడలు, ఒక వైపు తెరుపు, డబ్బు కట్టక్కర్లేదు, ముందు వచ్చినవాళ్ళదే. ఊరు పక్కనే కాబట్టి సరుకులకు ఇబ్బంది లేదు. నిద్ర మాత్రం ఆశించకండి. మనం పడుకున్నది చచ్చిపోయిన లైను మీద, నదికి అవతలి గట్టున ఇంకో లైను నిక్షేపంగా బతికుంది. రాత్రంతా గూడ్సు బండ్లు. ఒక్కో బండి దాటడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెడుతూ పడుకున్నాను. ఇయర్ ప్లగ్గులు పెట్టుకున్న మా ఆవిడ హాయిగా నిద్రపోయింది.

చివరి రోజు అరవై మైళ్ళ పైచిలుకు, పొడుగే. వెస్ట్ న్యూటన్ దాకా నీడ, ఆ తర్వాత బొగ్గు గనుల నుంచి కారే నీళ్ళతో ఎర్రబారిన రాళ్ళు. మెక్‌కీస్‌పోర్ట్ దగ్గర కంకర పోయి తారు వస్తుంది. పాత ఉక్కు మిల్లుల పక్కనుంచి, కంచెల మధ్య నుంచి, కొంచెం రోడ్డు దాటుకుంటూ పోవాలి. హోంస్టెడ్‌లో మిల్లు తీసేశాక మిగిల్చిన ఇటుక పొగగొట్టాలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. నాకు నచ్చింది, మా ఆవిడకు బోరు కొట్టింది.

వెనక్కి ఆమ్‌ట్రాక్ (అక్కడి ప్రయాణికుల రైళ్ళ సంస్థ) రైల్లో. సైకిల్‌కు విడిగా బుక్ చేసుకోవాలి, చోటు తక్కువ కాబట్టి బస కంటే ముందు అదే చేసుకోండి. పిట్స్‌బర్గ్‌లో తెల్లవారకముందే ఎక్కాలి. రైలు ఆ అవతలి గట్టు లైను మీదే పోతుంది. తెల్లారాక నదికి అటు పక్కన చెట్ల మధ్య మా దారి సన్నటి గీతలా కనిపించింది. నాలుగు రోజులు తొక్కింది నాలుగైదు గంటల్లో వెనక్కి చుట్టుకుపోయింది. కంబర్లాండ్‌లో అద్దె సైకిల్ అప్పగిస్తే షాపతను చెయిన్ మీద వేలు రాసి, బూడిద రంగు పేస్టు చూసి, "ఏ రోజు పడింది వాన?" అని మాత్రం అడిగాడు.