మూడేళ్లు నడిపాక: క్రిప్టో స్టార్టప్ వెబ్ స్టాక్‌లో ఏది నిలిచింది, ఏది తీసేశాం

మా క్రిప్టో స్టార్టప్ ఆఫీసు ఒడిశా బరంపురంలో, సర్వర్లు ముంబై క్లౌడ్‌లో. వాడేవాళ్లు ఎక్కువగా గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి తెలుగువాళ్లు. స్టాక్ అంటే యాప్‌ను నడిపే సాధనాలు: సర్వర్ పక్క నోడ్ మీద టైప్‌స్క్రిప్ట్, ఫాస్టిఫై, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, పేజీలు మొదట్లో నెక్స్ట్ జేఎస్, ఇప్పుడు ఉత్త రియాక్ట్. లావాదేవీలకు డిజిటల్ సంతకాలు పెట్టే సర్వీసు మాత్రం వేరుగా, గో భాషలో.

పోస్ట్‌గ్రెస్‌కి పూర్తి మార్కులు. చిక్కంతా జావాస్క్రిప్ట్ అంకెలతోనే. ఈథర్ ఈథీరియం బ్లాక్‌చెయిన్ నాణెం, దాని అతి చిన్న ముక్క వెయ్. ఒక ఈథర్ అంటే 1 పక్కన 18 సున్నాలన్ని వెయ్‌లు. జావాస్క్రిప్ట్ నంబరు కచ్చితంగా మోసేది 9,007,199,254,740,991 వరకే, అంటే సుమారు 0.009 ఈథర్. అది దాటితే చివరి అంకెలు చెదిరిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. అందుకే మొత్తాలు దాచే కాలమ్ రకం న్యూమరిక్ (78, 0), అంటే 78 అంకెల పూర్ణసంఖ్య: ఈథీరియం వాడే 256 బిట్ల సంఖ్య ఎంత పెద్దదైనా 78 అంకెల్లో పడుతుంది. నోడ్‌ను డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ దాన్ని స్ట్రింగుగా (ఉత్త అక్షరాల వరుసగా) ఇస్తుంది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని నంబరుగా మార్చేస్తారు, కొంప మునిగేది అక్కడే. ఎంత పెద్ద పూర్ణసంఖ్యనైనా మోసే బిగ్‌ఇంట్‌గా మార్చి లెక్క చేసి, జేసన్‌లో మళ్లీ స్ట్రింగుగానే పంపాలి. ఇంకొకటి: ఈథీరియం మీది యూఎస్‌డీటీకి (డాలరుతో ముడిపడ్డ నాణెం) దశాంశాలు ఆరే. అన్నిటికీ 18 అనుకుంటే లెక్క లక్ష కోట్ల రెట్లు తప్పుతుంది.

గుణుపురం వైపు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. విత్‌డ్రా నొక్కాక చక్రం తిరుగుతూనే ఉంటే ఎవరైనా మళ్లీ నొక్కుతారు. బటన్ ఆపేస్తే చాలదు, ఫోన్ తనంతట తానే రిక్వెస్టు మళ్లీ పంపొచ్చు. ఫారం తెరిచినప్పుడే ఒక ఐడెంపొటెన్సీ కీ (అదే రిక్వెస్టు రెండోసారి వస్తే పట్టించే గుర్తు) పుట్టించి, టేబుల్‌లో దానికి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువను రెండుసార్లు రానివ్వని నియమం) పెట్టాలి. బ్యాలెన్స్ వరుసను 'ఫర్ అప్‌డేట్'తో తాళం వేశాకే డబ్బు తగ్గించాలి.

డబ్బు కదిలించే ప్రైవేట్ కీ వెబ్ సర్వర్ గడప తొక్కకూడదు. డిపాజిట్ అడ్రసులు పుట్టించడానికి ఎక్స్‌పబ్ అనే తల్లి పబ్లిక్ కీ ఒక్కటి చాలు. కానీ హార్డెన్డ్ కాని (అంటే ఎక్స్‌పబ్‌తోనే అడ్రసు పుట్టించగలిగే రకం) పిల్ల ప్రైవేట్ కీ ఒక్కటి బయటపడినా, ఎక్స్‌పబ్‌తో కలిపి తల్లి ప్రైవేట్ కీనే లాగేయొచ్చు. కాబట్టి పిల్ల కీలను ఎవరికీ ఎగుమతి చేసి ఇవ్వొద్దు. నెట్‌కి కలిసుండే హాట్ వాలెట్ కీ ఏడబ్ల్యూఎస్ కేఎంఎస్‌లో (అమెజాన్ క్లౌడ్‌లో కీలు దాచే సేవ) ఉంది. అది ఇచ్చే సంతకం డీఈఆర్ రూపంలో (బైట్లు పేర్చే ఒక పద్ధతి) వస్తుంది. అందులోని రెండు సంఖ్యల్లో ఒకటైన ఎస్ విలువ, వక్రరేఖ ఆర్డర్‌లో (సంతకాల గణితంలోని ఒక స్థిర సంఖ్య) సగం దాటితే, ఆర్డర్‌లోంచి దాన్ని తీసేసి వాడాలి, లేకపోతే ఈథీరియం ఒప్పుకోదు. సంతకం నుంచి అడ్రసు తేల్చే రికవరీ అంకె కేఎంఎస్ చెప్పదు; 0, 1 రెండూ వేసి చూసి, మన అడ్రసు వచ్చినదాన్ని ఉంచుకోవాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి తెలియకపోయినా సగం లావాదేవీలు పోయి, సగం తిరిగొస్తాయి, బగ్ ఎక్కడుందో అంతుపట్టదు.

నెక్స్ట్ జేఎస్ పని సుఖమే, నిద్ర మాత్రం పోయింది. 2025 మార్చిలో రిక్వెస్టుకు ఒక్క హెడర్ తగిలిస్తే మిడిల్‌వేర్ (పేజీ కంటే ముందు నడిచే కోడ్) తనిఖీ మొత్తం దాటిపోయే లోపం బయటపడింది. అదే ఏడాది డిసెంబరులో రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లలో లాగిన్ లేకుండానే సర్వర్ మీద కోడ్ నడిపే లోపం వచ్చింది. అందుకే మేం స్టాటిక్ ఫైళ్లకు (సర్వర్ మీద కోడ్ నడవని పేజీలకు) మారిపోయాం, అనుమతుల తనిఖీ ప్రతి ఏపీఐ లోపలే.

జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాం ఎన్‌పీఎం సంగతి ఇంకో తలనొప్పి. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లోకి, బ్రౌజర్‌లో వాలెట్ అడ్రసులు మార్చేసే కోడ్ దూరింది. ప్యాకేజీలు దింపే పీఎన్‌పీఎంలో 'మినిమమ్ రిలీజ్ ఏజ్' 10,080 నిమిషాలు, అంటే వారం పెట్టాం: విడుదలై అంత కాలం కాని వెర్షన్ దిగదు. ఇన్‌స్టాల్ స్క్రిప్టులు బంద్. అవి లేక నేటివ్ మాడ్యూళ్లు (మెషిన్ మీద నేరుగా నడిచే ప్యాకేజీలు) కొన్ని అలిగితే వాటికే విడిగా అనుమతి.

కేవైసీలో పేరు సరిపోల్చడం మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన బాధ. ఒక కార్డులో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, ఇంకో కార్డులో చివర పూర్తిగా. అక్షరం అక్షరం పోలిస్తే సరైన మనిషే బయట నిలబడతాడు. పదాలు విడగొట్టి, వరుస పట్టించుకోకుండా, పొడి అక్షరాన్ని రెండో కార్డులోని పదం మొదటి అక్షరంతో పోల్చాలి. మిగిలినవి మనిషి చూడాలి.

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్‌లు (సర్వర్ చిట్టాలు) 180 రోజులు దాచాలి, చొరబాటు తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. లాగ్‌లు వేరే క్లౌడ్ ఖాతాలో పెట్టండి.

సీడ్ ఫ్రేజ్‌ను (వాలెట్‌ను తిరిగి తెరిచే పదాల వరుసను) మూడు ముక్కలు చేశాం, ఏ రెండు కలిసినా తెరుచుకుంటుంది. మూడూ తీరం మీద పెట్టొద్దు: 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస పక్కన. మా ముక్క ఒకటి కొండలవైపు ఉంది. ఏ ఊళ్లో అని మాత్రం అడక్కండి.