సీసోనిక్ ఫోకస్ జీఎక్స్-750, నాక్టువా ఎన్‌హెచ్-యు12ఎస్: ఒక పవర్ సప్లై, ఒక కూలర్, రెండింటికీ ఒకటే పరీక్ష

ఇంట్లో సొంతంగా కంప్యూటర్ అమర్చుకునేవారిలో చాలామంది ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి వారాల తరబడి ఆలోచించి, చివరికి చేతిలో మిగిలిన సొమ్ముతో, భాగాలన్నిటికీ విద్యుత్తును అందించే పవర్ సప్లైనీ, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌నూ తెచ్చుకుంటారు. ఈ రెండింటివల్లా కంప్యూటర్ వేగం పెద్దగా పెరగదు కనుక వాటిపై ఖర్చు దండుగ అనిపించడం సహజమే. కానీ మిగిలిన భాగాలన్నీ ఎంతకాలం నిలకడగా పనిచేస్తాయన్నది చాలావరకు వీటిమీదే ఆధారపడి ఉంటుంది. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు ఉన్న నా యంత్రంలో పనిచేస్తున్న ఈ రెండు వస్తువులను ఒకే సమీక్షలో చేర్చడానికి కారణం, రెండింటికీ అసలు పరీక్ష వేడే కావడం.

ముందుగా పవర్ సప్లై. పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే వాట్ల సంఖ్య కంటే, పక్కన అతికించిన లేబుల్ మీద 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయన్నది ముఖ్యం. నేటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ విద్యుత్తును ప్రధానంగా 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. ఫోకస్ జీఎక్స్-750లో అది 62 ఆంపియర్లు, అంటే 744 వాట్లు. చెప్పిన సామర్థ్యం దాదాపు మొత్తం అవసరమైన చోటే ఉంది. నాసిరకం సరుకులో 3.3, 5 వోల్టుల లెక్కలను కూడా కలిపి మొత్తాన్ని పెంచి చూపడం కద్దు. రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4070 సుమారు 200 వాట్లు తీసుకుంటాయి కనుక, ఫ్యాన్లు, డిస్కులు, మదర్‌బోర్డు అన్నీ కలిపినా ఈ యంత్రానికి 750 వాట్లు ధారాళం.

ఇక 80 ప్లస్ గోల్డ్ ముద్ర. 115 వోల్టుల పరీక్షలో 20 శాతం లోడ్ వద్ద 87, సగం లోడ్ వద్ద 90, పూర్తి లోడ్ వద్ద 87 శాతం సామర్థ్యం (తీసుకున్న విద్యుత్తులో భాగాలకు చేరే వంతు) చూపినవాటికి ఈ ముద్ర దక్కుతుంది. అది విద్యుత్తు వృథాను మాత్రమే కొలుస్తుంది. వోల్టేజీ ఎంత స్థిరంగా ఉందో, రక్షణ సర్క్యూట్లు వేళకు పనిచేస్తాయో లేదో దానికి పట్టదు. అందువల్ల గోల్డ్ అని చూసి నాణ్యతకు హామీ దొరికిందనుకోవడం పొరపాటు. అలాగని ఆ ముద్రను కొట్టిపారేయడానికీ వీల్లేదు. కంప్యూటర్ 400 వాట్లు వాడుతున్నప్పుడు 90 శాతం సామర్థ్యమున్న పవర్ సప్లైలో 44 వాట్ల చొప్పున వేడి పుడితే, 85 శాతం సామర్థ్యమున్నదానిలో 70 వాట్ల దాకా పుడుతుంది. లోపల విద్యుత్తును కొద్దిసేపు నిల్వ ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ దాదాపు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ అంగీకరించే స్థూల సూత్రం. ఆ లెక్కన గోల్డ్ వల్ల కలిగే అసలు లాభం కరెంటు బిల్లులో కంటే కెపాసిటర్ల మన్నికలోనే ఉందని నా అభిప్రాయం. కెపాసిటర్లు 85 డిగ్రీల వేడికి తయారైన రకమా, 105 డిగ్రీలకు తయారైన రకమా అన్నది కూడా ఇందుకే చూడాలి.

లేబుల్ మీద కనిపించని మరో గుణం, కరెంటు పోయిన క్షణం తర్వాత కూడా పవర్ సప్లై ఎంతసేపు నిలబడగలదన్నది. ఇది మిల్లీసెకన్ల వ్యవహారమే అయినా, యూపీఎస్ బ్యాటరీకి మారడానికి పట్టే కొద్ది మిల్లీసెకన్లను దాటించేది ఈ నిల్వ శక్తే. కంప్యూటర్ పవర్ సప్లైల కోసం ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం పూర్తి లోడ్ వద్ద 12, 80 శాతం లోడ్ వద్ద 17 మిల్లీసెకన్లు ఆశిస్తుంది. యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందని వాపోయేవారు యూపీఎస్‌ను తప్పుపట్టే ముందు పవర్ సప్లైని ఒకసారి అనుమానించడం మంచిది.

ఫోకస్ శ్రేణికి ఒక పాత మచ్చ కూడా ఉంది. దీనికి ముందు వచ్చిన ఫోకస్ ప్లస్ యూనిట్లు కొన్ని, ఏఎండీ వారి వేగా 56, వేగా 64 గ్రాఫిక్స్ కార్డులు ఉన్నట్టుండి లాగే విద్యుత్తును తట్టుకోలేక, మొత్తం లోడ్ పరిమితిలోనే ఉన్నా, ఆగిపోయేవి. ఇటువంటి క్షణిక ఉప్పెనల కోసమే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0, పవర్ సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు మోయగలగాలని నిర్దేశించింది. ఒకే పేరుతో పాత, కొత్త తరాలు రెండూ అమ్మకంలో ఉంటాయి కనుక, పెట్టె మీద ఏటీఎక్స్ 3.0 అనో 3.1 అనో ఉందని చూసుకున్నాకే కొనాలి. నా దగ్గరున్నది కొత్త తరం యూనిట్. బరువైన ఆటలు ఆడేటప్పుడు కూడా ఇంతవరకు అది ఆగలేదు.

దీనికి పదేళ్ల వారంటీ ఉంది. తక్కువ లోడ్‌లో ఫ్యాన్‌ను పూర్తిగా ఆపే హైబ్రిడ్ బటన్ ఉంది; దానిని నేను వాడను. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ చప్పుడు ఎలాగూ వినిపించదు, ఆగిన ఫ్యాన్ మాత్రం వేడిని లోపలే ఉంచుతుంది. కేబుళ్లన్నీ ఊడదీయగలిగినవే. అయితే ఒక్క హెచ్చరిక: మరో పవర్ సప్లైతో వచ్చిన కేబుళ్లను, కంపెనీ అదే అయినా సరే, దీనికి తగిలించకూడదు. పవర్ సప్లై వైపున్న పిన్నుల వరుస ఒక్కో మోడల్‌కు ఒక్కో రకంగా ఉండవచ్చు. కనెక్టర్ చక్కగా పట్టినా, 5 వోల్టులు అందాల్సిన చోట 12 వోల్టులు వెళ్తే హార్డ్ డిస్కు అక్కడికక్కడే కాలిపోతుంది.

కూలర్ విషయంలో చెప్పవలసింది ఇంతకంటే తక్కువ. ఎన్‌హెచ్-యు12ఎస్ 158 మిల్లీమీటర్ల ఎత్తు, ప్రాసెసర్ వేడిని పైనున్న లోహపు రేకులకు చేర్చే ఐదు హీట్‌పైపులు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న సాదా ఎయిర్ కూలర్. సన్నగా ఉండడంవల్ల ర్యామ్‌కు అడ్డం రాదు. కేవలం చల్లదనమే కొలబద్ద అయితే, ఆరు హీట్‌పైపులు, రెండు ఫ్యాన్లు ఉన్న థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ ఇంతకంటే తక్కువ ధరకే మెరుగైన ఫలితమిస్తుంది. ఈ మాట దాచడం పాఠకులకు అన్యాయం. అయినా నేను నాక్టువాను ఎంచుకోవడానికి కారణం, ప్రాసెసర్ సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) మారినప్పుడు పాత కూలర్లకు సరిపోయే బిగింపు సామగ్రిని, కొన్న రసీదు చూపితే, ఆ సంస్థ ఉచితంగా పంపుతూ రావడం. 2021లో ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌తో కూలర్‌ను బిగించే రంధ్రాల మధ్య దూరాన్ని 75 నుంచి 78 మిల్లీమీటర్లకు పెంచినప్పుడు, ఆ సౌకర్యం లేని కూలర్లు ఎన్నో నిరుపయోగమయ్యాయి. ఆరేళ్ల వారంటీ కూడా ఈ తూకంలో కొంత కలిసొచ్చింది. దాని ఫ్యాన్ గోధుమ రంగును మాత్రం, ఎంత అభిమానమున్నా, మెచ్చుకోలేను.

ద్రవాన్ని తిప్పుతూ వేడిని లాగే లిక్విడ్ కూలర్ ఎందుకు తీసుకోలేదంటే, దానిలో పంపు అనే అదనపు కదిలే భాగం ఉంటుంది, గొట్టాల గోడల గుండా ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరవుతూ ఉంటుంది. పంపు ఆగితే మొత్తం కూలర్‌నే మార్చుకోవాలి. ఎయిర్ కూలర్‌లో ఫ్యాన్ పాడైతే మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి తెచ్చి క్లిప్పులతో బిగిస్తే సరిపోతుంది, ఆలోగా హీట్‌సింక్ (లోహపు రేకుల దిమ్మె) ఎంతో కొంత వేడిని మోస్తూనే ఉంటుంది.

అయితే ఈ సిఫార్సు నా యంత్రం వంటి మధ్యతరహా యంత్రాలకే వర్తిస్తుంది. 253 వాట్ల దాకా తీసుకునే కోర్ ఐ9-14900కె వంటి ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పూర్తి భారంతో నడిపేవారికి ఎన్‌హెచ్-యు12ఎస్ చాలదు; వారు పెద్ద లిక్విడ్ కూలర్ వైపు వెళ్లడమే సబబు. చిన్న క్యాబినెట్ ఉన్నవారు కూలర్‌కు ఎంత ఎత్తు వరకు చోటుందో తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూసుకోవాలి, ఎందుకంటే 155 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే క్యాబినెట్లు ఉన్నాయి, వాటిలో ఈ కూలర్ బిగించాక పక్క తలుపు మూతపడదు.