ఉద్యోగంలోంచి తీసేస్తే గుంటూరు లేబర్ కోర్టు: ఏ మేరకు పనికొస్తుంది?

ఖర్చుకు 5కి 4 మార్కులు, అధికారానికి 4, వేగానికి 1. మూడూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు కాబట్టి తీయడం లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్డయినా, చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లయినా, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ అయినా, ఉద్యోగం ఊడినవాడి తగాదా తేలకపోతే చివరికి చేరేది గుంటూరులోని ఇండస్ట్రియల్ ట్రైబ్యునల్ కమ్ లేబర్ కోర్టుకే. బ్యాంకు, ఇన్సూరెన్స్ లాంటి కేంద్ర పరిధి సంస్థలకు దారి వేరు: కేంద్ర లేబర్ కమిషనర్ విభాగం, అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లోని కేంద్ర ట్రైబ్యునల్. ఈ తేడా ముందే చూసుకోకపోతే తప్పు గుమ్మం దగ్గర నెలలు పోతాయి.

అసలు మొదట వెళ్లాల్సింది కోర్టుకు కాదు, లేబర్ ఆఫీసుకు. ఈ సేవలో అందరూ తక్కువ అంచనా వేసే భాగం ఇదే, మా లెక్కలో ఎక్కువ విలువైనదీ ఇదే. తెల్లకాగితం మీద నాలుగు సంగతులుంటే చాలు: ఏ తేదీన చేరారు, ఏ పని చేశారు, చివరి జీతం ఎంత, ఏ తేదీ నుంచి ఎలా ఆపారు. ఇంకో కాపీ మీద తేదీతో రిసీవ్డ్ స్టాంపు వేయించుకోవాలి. ఆ స్టాంపు తేదీ నుంచి 45 రోజులు దాటితే, రాజీ కుదిరినా కుదరకపోయినా, నేరుగా ట్రైబ్యునల్‌లో వేసుకోవచ్చు. తగాదాను కోర్టుకు పంపే గవర్నమెంటు రిఫరెన్స్ ఉత్తర్వు కోసం కూర్చోనక్కర్లేదు. స్టాంపు లేని అర్జీకి ఈ లెక్క మొదలే కాదు.

లేబర్ ఆఫీసులో రెండు పక్షాలనూ పిలిచి పెట్టే జాయింట్ మీటింగులో కూర్చునే అధికారి తీర్పు చెప్పలేడు, నచ్చజెప్పగలడు అంతే. అయినా అక్కడ కుదిరిన ఒప్పందానికి బలం ఎక్కువ. పాత చట్టం సెక్షన్‌తో అందరూ 12(3) సెటిల్మెంట్ అనేది ఇదే. సంతకం పెట్టనివాళ్లతో సహా ఆ సంస్థ కార్మికులందరికీ వర్తిస్తుంది. బయట యజమానితో కూర్చుని రాసుకున్నది ఆ ఇద్దరికే పరిమితం. బోనసు, జీతాల పెంపు లాంటి యూనియన్ డిమాండ్లకు ఈ తేడా ప్రాణం.

ట్రైబ్యునల్‌లో కేసు వేసే గడువు సంగతి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో తీసేసిన రోజు నుంచి 3 ఏళ్లు ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో అది 2 ఏళ్లయింది. మీకు ఏది వర్తిస్తుందో వాదించుకునే బదులు 2 ఏళ్లే అనుకుని కదలండి.

ఇక సాక్ష్యం. కేసులు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. తీసేసిన తేదీకి ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేశానని నిరూపించే బరువు కార్మికుడిదే. జీతంతో కూడిన సెలవులు, ఆదివారాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. వాటిని వదిలేసి 228 రోజులు చూపించి దెబ్బతినొద్దు. మస్టరు, అంటే హాజరు పుస్తకం, యజమాని బీరువాలో ఉంటుంది. అందుకని అఫిడవిట్‌లో "పనిచేశాను" అని రాసి ఊరుకుంటే సరిపోదు, మస్టరు, వేతన రిజిస్టరు తెప్పించమని విడిగా పిటిషన్ వేయాలి. కోర్టు తెమ్మన్నా తేకపోతే యజమానికి వ్యతిరేకంగా ఊహించే వీలుంటుంది. ఆ పిటిషన్ వేయకపోతే ఆ వీలు రాదు. ఇవి కాక పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, గేట్ పాసులు ఉండాలి. షిఫ్టులు పంచే వాట్సాప్ గ్రూపు ఉంటే ఆ ప్రింట్లకు ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ జతచేయాలి, లేకుంటే అవతలి పక్షం మొదట పట్టుకునేది దాన్నే.

"మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అనేది మేనేజ్‌మెంట్ల పాత పాట. మొదటి రోజు నుంచే అసలు సంస్థను, కాంట్రాక్టరును ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. మధ్యలో ఒకరిని చేర్చాలంటే మళ్లీ నోటీసు, మళ్లీ కౌంటరు, మళ్లీ వాయిదాలు. బస్తా లెక్కన కూలి తీసుకునే హమాలీలకు ఇది ఇంకా కష్టం: పని ఎవరు పురమాయించారు, కూలి ఎవరి చేతి మీదుగా వచ్చింది అన్నది చీటీలతో చూపాలి. సూపర్‌వైజర్ అని ఆర్డరులో రాశారని భయపడొద్దు. చూసేది చేసిన పనిని. నిజంగా అజమాయిషీ పనే అయితే కొత్త కోడ్‌లో నెలకు 18,000 రూపాయలు దాటినవాళ్లే బయటకు పోతారు.

చార్జిషీటు ఇచ్చి, డొమెస్టిక్ ఎంక్వైరీ (సంస్థ లోపలే జరిపే విచారణ) జరిపి తీసేస్తే, ఆ ఎంక్వైరీ సరిగా జరిగిందా అన్నది ముందు తేలుతుంది. సరిగా జరగలేదని తేలినా కథ అక్కడితో ముగియదు. ముందుగా అడిగి ఉంటే యజమాని కోర్టులోనే సాక్ష్యం పెట్టుకోవచ్చు. తప్పు రుజువైనా శిక్ష మరీ ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. అధికారానికి 4 మార్కులు వేసింది ఇందుకే.

డబ్బు లెక్క చూడండి. నెలకు 15,600 జీతం, 7 ఏళ్ల సర్వీసు. రిట్రెంచ్‌మెంట్ (తప్పు చేశారని కాకుండా మనుషుల్ని తగ్గించడం) అయితే ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, నెలకు 30 రోజుల చొప్పున 54,600; నోటీసు ఇవ్వకపోతే దాని బదులు ఒక నెల జీతం 15,600. గ్రాట్యుటీ వేరు: 26తో భాగించి 15తో, 7తో గుణిస్తే 63,000. ఈ గ్రాట్యుటీని, పీఎఫ్ బకాయిలను ట్రైబ్యునల్ పిటిషన్‌లో కలిపేయడం చాలామంది చేసే పొరపాటు. గ్రాట్యుటీకి లేబర్ శాఖలోనే వేరే అధికారి, పీఎఫ్‌కు పీఎఫ్ ఆఫీసు. ఇంకో మాట: "ఫుల్ అండ్ ఫైనల్" అన్న కాగితం మీద చదవకుండా సంతకం పెడితే తర్వాత ఎంత వాదించినా చెమటే.

అడిగే మొత్తాన్ని బట్టి కట్టే కోర్టు ఫీజు లేదు. లేబర్ ఆఫీసు రాజీ చర్చల్లో లాయరుకు చోటు లేదు. ట్రైబ్యునల్లో అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే. యూనియన్ నాయకుడు వాదించవచ్చు. చార్జిషీటు కేసులు నడిపిన అనుభవం ఉన్న యూనియన్ ప్రతినిధి దొరికితే, ఈ చట్టం తెలియని సివిల్ లాయరు కంటే అతనే నయం.

వేగం గురించి చెప్పేదేముంది. వ్యక్తిగత వివాదాన్ని 3 నెలల్లో తేల్చాలని పాత చట్టంలోనే రాసుంది. వాయిదాలు చూసినవాళ్లకు ఆ వాక్యం చదివితే నవ్వొస్తుంది. వాయిదాకు రాకపోతే ఎక్స్‌పార్టీ అవుతుంది, అంటే మీరు లేకుండానే తేల్చేస్తారు. దాన్ని తీయించుకోవాలంటే అవార్డు (ట్రైబ్యునల్ తీర్పు) అమల్లోకి వచ్చేలోపే కదలడం మేలు. అందుకు ఉండేది 30 రోజులు.

గెలిచాక అప్పీలు ఉండదు గానీ యజమాని అమరావతి హైకోర్టులో రిట్ వేయొచ్చు. మళ్లీ పనిలోకి తీసుకోమన్న అవార్డు మీద స్టే వచ్చినా, రిట్ తేలేదాకా చివరి జీతం నెలనెలా అడగొచ్చు, వేరే ఉద్యోగం లేదని అఫిడవిట్ వేస్తే. ఇదే మాట మొదటి క్లెయిమ్ పిటిషన్‌లోనూ ఉండాలి: తీసేసినప్పటి నుంచి సంపాదన లేదని. 2013లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, కార్మికుడు ఆ మాట అన్నాక అతనికి వేరే పని ఉందని నిరూపించడం యజమాని వంతు. ఆ ఒక్క వాక్యం రాయడం మరిచిపోయిన పిటిషన్లలో ఉద్యోగం తిరిగొచ్చినా బ్యాక్ వేజెస్ (పనిలో లేని కాలపు జీతం) చేజారుతుంటాయి.